బోర్లించిన ఉప్పు గ్లాసు

మా బేకరీలో ఉప్పుకి ఒక గ్లాసు ఉంది. స్టీలుది, అంచు మీద సొట్ట. తొట్టిలో పిండి కలిపేటప్పుడు ఉప్పు వేసినవాళ్లు ఆ గ్లాసుని అక్కడే అరుగు మీద బోర్లించాలి. బోర్లా ఉందంటే ఉప్పు పడ్డట్టు, నిలబడి ఉందంటే ఇంకా పడనట్టు. ఇది మా నాన్న పెట్టిన పద్ధతి, ఆయన పోయినా పద్ధతి పోలేదు. తొట్టి దగ్గరికి ఒకరు వస్తారు, ఒకరు పోతారు, ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు మూట విప్పుతారు, మధ్యలో ఫోను మోగుతుంది. ఎవరేం వేశారో ఎవరికి గుర్తుంటుంది? ఉప్పు మరిచిపోతే పిండి హద్దూ అదుపూ లేకుండా పొంగి, చివరికి చతికిలబడుతుంది. రెండుసార్లు పడితే ఈస్ట్ చచ్చి, బ్రెడ్డుకి బదులు ఇటుక వస్తుంది. ఈ రెండూ మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదని నేను తెగ గొప్పలు చెప్పుకునేదాన్ని.

ఇంట్లో పెద్దవాళ్లం నలుగురం. ఓవెన్ నా చేతి కింద ఉంటుంది. తమ్ముడు వ్యాను నడుపుతాడు, తెల్లారేసరికి దుకాణాలన్నిటికీ బ్రెడ్డు అందించి వస్తాడు. పిండి మరదలిది. అమ్మ కౌంటర్లో కూర్చుంటుంది, చూపు తగ్గినా కుర్చీ మాత్రం వదలదు. నేను పెళ్లి చేసుకోలేదు, ఆ బెంగ నాకు తప్ప అందరికీ ఉంది. ఓవెన్ అక్కదే, నోరూ అక్కదే అంటాడు తమ్ముడు. ఒప్పుకుంటాను. ఒకరు అంటే పడుండే రకం కాదు నేను.

మాది పగలు పడుకునే ఇల్లు. లోకం నిద్రలో ఉండగా పని మొదలుపెట్టేవాళ్లం కాబట్టి, పొద్దెక్కాక కిటికీలకి మందపాటి పరదాలు లాగేసి ఒళ్లు వాల్చేవాళ్లం. తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు అది కూడా మాతో పాటే ఆ చీకట్లో పడుకునేది. పసిపిల్ల నీడపట్టున హాయిగా నిద్రపోతుంటే ఎవరు కాదంటారు? వీధిలో పిల్లలు ఎండలో పొర్లాడుతుంటే మాది పరదాల వెనక మైదాపిండిలా తెల్లగా పెరిగింది. చూసినవాళ్లంతా ముచ్చటపడేవాళ్లు. నడక వచ్చీ రాగానే ట్రేల స్టాండు ఎక్కడం మొదలెట్టింది, అందుకని దాన్ని ఉడత అని పిలిచేవాళ్లం. ఇప్పటికీ అంతే.

ఉడతకి ఆరేళ్లు దాటాక ఒక ఎండాకాలం దాహం పట్టుకుంది. సీసాలకి సీసాలు నీళ్లు తాగేది. ఓవెన్ వేడి అనుకున్నాం. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. అమ్మ కసిరింది. బట్టలు వదులైపోయాయి. పొడుగు సాగుతోంది అనుకున్నాం. ఒక మధ్యాహ్నం లేపితే లేవలేదు, ఊపిరి మాత్రం పరిగెత్తి వచ్చినదానిలా ఆడుతోంది. ఆస్పత్రిలో వేలు గుచ్చి చూస్తే మిషన్ అంకె కూడా చూపించలేకపోయింది, అంత ఎక్కువ ఉందట షుగరు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే చోటుని ఒళ్లే పాడుచేసుకోవడం వల్ల పిల్లలకి వచ్చే జబ్బట ఇది. తీపి తిన్నందుకు కాదు. ఇక బతికినన్నాళ్లూ రోజూ ఇంజెక్షన్లే అన్నారు.

ఆ 'తీపి తిన్నందుకు కాదు' అన్న ముక్క నేను ఎంతమందికి చెప్పానో. బేకరీ వాళ్ల పిల్ల కదా, లోకం దగ్గర జవాబు ముందే తయారుగా ఉంది. ఎదురింటి టైలరమ్మ కౌంటర్ దగ్గర నిలబడి, "కేకులూ బిస్కెట్లూ చేతికందేలా పెడితే రాక ఏమవుతుంది" అంది. మా మరదలు నోట్లో నాలుక లేని మనిషి, తల దించుకుంది. నేను ఓవెన్ దగ్గర్నుంచి వచ్చి, "నువ్వు రోజంతా కత్తెర పట్టుకుంటావు కదమ్మా, నీ పిల్లలకి చెవులు మిగిలాయా" అన్నాను. ఆ తర్వాత ఆవిడ కొన్నాళ్లు బ్రెడ్డు వేరే చోట కొనుక్కుంది. కొనుక్కోనీ.

అప్పటికి మరదలికి మళ్లీ నెలలు నిండాయి. ఉడతని ఇంటికి పంపించే రోజున, మాకు ఇన్సులిన్ వెయ్యడం నేర్పిన నర్సు మరదలి పొట్ట వైపు చూసి ఒక మాట అంది. మంచి మనిషి, మంచికే అంది. "పుట్టబోయే బిడ్డకి డి విటమిన్ చుక్కలు మానకుండా వెయ్యండమ్మా. పసితనంలో అవి క్రమం తప్పకుండా పడిన పిల్లల్లో ఈ జబ్బు కాస్త తక్కువగా కనబడిందని కొన్ని పరిశోధనలు ఉన్నాయి. అదే కారణమని ఎవరూ తేల్చలేదు. ఎలాగూ ఎముకలకి కావాల్సినవే కదా." అంతే. ఆ తర్వాత ఇన్సులిన్ పెన్నుకి సూది ఎలా మార్చాలో చూపించడంలో పడిపోయింది.

నేను ఆ మాట విన్నాను, సరే అనుకున్నాను, మరిచిపోయాను. నా పక్కన నిలబడ్డ ముగ్గురికీ అది తీర్పులా వినబడిందని నాకేం తెలుసు? వాళ్ల ముఖాలు నేను చూడలేదు. ఉడత మంచం మీంచి గెంతబోతుంటే దాన్ని పట్టుకునే పనిలో ఉన్నాను.

పిల్లాడు పుట్టాడు. గుండ్రటి ముఖం, గుండ్రటి పొట్ట, వాణ్ని బుడ్డోడు అన్నాం. ఇంట్లో పరదాలు తీసేశారు. అమ్మ పొద్దున్నే వాణ్ని ఒళ్లో వేసుకుని మెట్ల మీద లేత ఎండలో కూర్చునేది. వంటింటి అలమరలో చుక్కల సీసా ఉండేది, పిండి పని అయిపోగానే మరదలు చేతులు కడుక్కుని వాడి నోట్లో వేసేది. అది నేను చూశాను. తల్లి వేస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఉడత కూడా ఇంజెక్షన్లకి అలవాటు పడింది. పొద్దునా సాయంత్రం వాళ్లమ్మే వేసేది. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, మూడు లెక్కపెట్టాక గుచ్చుతానని చెప్పి, "ఒకటి, రెండు" అనగానే గుచ్చేసేది. "మోసం" అనేది ఉడత. ప్రతిసారీ అదే మోసం, ప్రతిసారీ అదే మాట, ఆ వెంటనే ఒక నవ్వు. అది తల్లీకూతుళ్ల ఆట, మధ్యలో మాకెవరికీ చోటు లేదు.

బుడ్డోడికి తొమ్మిదో నెల వచ్చాక వాడిలో తేడా కనబడింది. పాలు వద్దని ముఖం తిప్పేసేవాడు. తాగిన నాలుగు గుక్కలూ కక్కేవాడు. ఎవరు ఎత్తుకున్నా కిందకి దూకేవాడు కాస్తా భుజం మీద తడిబట్టలా వాలిపోయి ఉండేవాడు. పళ్లొస్తున్నాయి, అందుకే నలతగా ఉన్నాడు అంది అమ్మ. ఆ తర్వాత డైపర్లు. మార్చిన కాసేపటికే బరువెక్కి వేలాడేవి. పాలు వద్దన్నవాడు నీళ్ల సీసా కనబడితే మాత్రం రెండు చేతులూ చాచేవాడు.

దాహం, ఒంటేలు. ఆ రెండు మాటలూ మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోతే నిజం కాకుండా పోతుందని కాబోలు.

ఒక పొద్దున మరదలు తడి డైపరు చేత్తో పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడిపోయింది. తమ్ముడు అప్పుడే వచ్చి వ్యాను తాళాలు మేకుకి తగిలిస్తున్నాడు. అమ్మ ఒళ్లో బుడ్డోడు. ఉడత షుగర్ మిషన్ ఉన్న డబ్బా బల్ల మీదే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఒక్కరూ చెయ్యి చాచలేదు.

"రేపు చూద్దాం అక్కా," అన్నాడు తమ్ముడు.

"రేపటికి అంకె మారిపోతుందిరా?"

"నాకు చూసే ధైర్యం లేదు."

మైదా మూటలు ఒంటిచేత్తో దింపే మనిషి గోడకి ఆనుకుని కింద కూలబడ్డాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ పోటు ఇప్పుడే పడబోతోందని ముగ్గురూ కళ్లు మూసుకున్నట్టు ఉన్నారు. అప్పుడు ఉడత వచ్చి తన డబ్బా మూత తీసింది.

"నువ్వు గుచ్చు అత్తా. నేను చెప్తా," అంది. "వేలు కాదు, మడమ. మధ్యలో వద్దు, పక్కకి. ఆస్పత్రిలో పక్క మంచం పాపకి అలాగే గుచ్చారు."

నేను గుచ్చాను. వాడు ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు చిన్నగా మూలిగాడు. ఉడత స్ట్రిప్పు మీద రక్తం బొట్టు పట్టి, మిషన్ తన ముఖం దగ్గర పెట్టుకుని చూసింది. మేం దాని ముఖం చూశాం.

"తొంభై ఆరు. మామూలే," అంది. తర్వాత మెల్లగా, "నాకెప్పుడూ ఇంత మంచిది రాదు" అంది.

తమ్ముడు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ బుడ్డోడి పాదం కళ్లకద్దుకుంది. మరదలు ఉడతని గట్టిగా పట్టుకుని ముద్దులు పెట్టింది. ఆ సంబరంలో అసలు సంగతి అందరం మరిచిపోయాం. వాళ్లమ్మ చేతుల్లో ఊపిరాడక గింజుకుంటూ ఉడతే గుర్తు చేసింది.

"మరి వాడెందుకిలా ఉన్నాడు?"

అప్పటికప్పుడు వ్యానులోనే ఎక్కాం. బ్రెడ్డు వాసన కొట్టే ఖాళీ ట్రేల మధ్య కూర్చుని, అందరం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఉడతని మొదట్నుంచీ చూస్తున్న మనిషే. బుడ్డోడి పొట్ట నొక్కి, నాలుక చూసి, రక్తం తీయించి, మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. సాయంత్రానికి లోపలికి పిలిచింది. గది చిన్నది. ఉడతకి కుర్చీ దొరక్క పిల్లల్ని బరువు తూచే మిషన్ మీద కూర్చుంది.

"షుగరు కాదు," అంది డాక్టరమ్మ. "రక్తంలో కాల్షియం చాలా ఎక్కువైంది. కిడ్నీల మీద భారం పడుతోంది. ఆ దాహం, ఆ నీరసం అంతా దానివల్లే. ఇంకొన్నాళ్లు ఆలస్యం చేసుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. పిల్లాడికి ఏం మందులిస్తున్నారు?"

"డి విటమిన్ చుక్కలు," అంది మరదలు. "మీరు రాసినవే."

"నేను రాసింది రోజుకి ఒక్క చుక్క. ఆ మందు చిక్కనిది."

"నేను... రెండు మూడు వేస్తున్నా. కాస్త ఎక్కువ పడితే మంచిదే కదా అని."

డాక్టరమ్మ కాగితం మళ్లీ చూసింది. "అది తప్పే. కానీ రెండు మూడు చుక్కలకి ఇంత పెరగదు. ఇంకెక్కడో ఉంది. ఇంకేమిస్తున్నారు?"

అమ్మ తన చేతిసంచిలో చాలాసేపు తడిమింది. కళ్లద్దాల డబ్బా కోసమేమో అనుకున్నాను. ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది, అదే మందు. "మధ్యాహ్నం నిద్రపుచ్చేటప్పుడు నేను వేస్తాను," అంది. "చుక్కలు నా కళ్లకి ఆనవు. నోట్లో కాస్త పిండుతాను."

అమ్మని దులిపేద్దామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది, ఎందుకంటే తమ్ముడు చొక్కా జేబులోంచి మూడో సీసా తీశాడు.

"వ్యానులో దాచుకుంటాను," అన్నాడు. "వచ్చీ రాగానే వాణ్ని ఎత్తుకుని గుమ్మం దాటి, డ్రాపర్ నిండా..." మిగతాది మింగేశాడు.

"ఎప్పట్నుంచి?" అంది డాక్టరమ్మ.

పుట్టినప్పట్నుంచీ. ముగ్గురిదీ అదే జవాబు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పదిమంది చేతిలో పాము చావదంటారు. ఇక్కడ ముగ్గురి చేతిలో పసివాడు చచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంట్రా ఇది," అన్నాను. "ఉప్పు వేస్తే గ్లాసు బోర్లించే మనుషులు మీరు. మందు వేశానని ఒకరికొకరు చెప్పుకోడానికి మీకేం అడ్డొచ్చింది? తేలు కుట్టిన దొంగల్లా ముగ్గురు మూడు సీసాలు దాచుకుంటారా?"

"ఎలా చెప్పమంటావు వదినా?" అంది మరదలు. మా ఇంటికొచ్చాక ఆ పిల్ల గొంతు పెంచడం నేను వినలేదు, ఆ రోజు విన్నాను. "పసితనంలో ఉడతకి ఇవే చుక్కలు ఆపేసింది నేనే కదా. చుక్కలు వేస్తే చాలు కక్కేది. రాత్రంతా పని, పగలంతా ఉతుకుడు. విసుగొచ్చి మానేశాను. వేస్తున్నావా అని మీరు అడిగితే వేస్తున్నా అన్నాను. ఇప్పుడు వీడికి వేస్తానని నోరు తెరిస్తే దానికెందుకు వెయ్యలేదని అడుగుతారు."

"నువ్వు ఆపడమేంటి?" అన్నాడు తమ్ముడు. "డాక్టరమ్మ కోప్పడిందని మళ్లీ ఇంకో సీసా తెమ్మన్నావు. నేను మరిచిపోయాను. షాపులో దొరకలేదని నీకు అబద్ధం చెప్పాను. రేపు తెస్తా, రేపు తెస్తా అన్నాను. తేలేదు."

అమ్మ బల్ల మీద సీసాని సర్ది పెడుతూ ఉంది, సర్దాల్సింది ఏమీ లేకపోయినా. "ఏ చుక్కలు వేసి పెంచాను మిమ్మల్ని, వదిలెయ్యండి అన్నది నేను," అంది. "రోజూ ఎండలో నేను కూర్చోబెడతానని కూడా అన్నాను. అన్నానే గానీ, నిద్రొచ్చి పరదా లాగేసి దాన్ని పక్కలో వేసుకున్నాను. రోజూ."

అంటే ఇన్నాళ్లూ ముగ్గురూ, తప్పు తనొక్కరిదే అనుకుంటూ బతికారు. ఒకరికి చెబితే ఒకరు తేలికపడేవాళ్లు. చెప్పలేదు. నా కోపం ఎటు పోయిందో తెలీదు, ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడనిచ్చి, అప్పుడు అంది. "పాపకి ఎందుకొచ్చిందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. చుక్కలు వేసిన పిల్లలకీ ఈ జబ్బు వస్తుంది. వెయ్యని పిల్లల్లో చాలామందికి రాదు. తక్కువగా కనబడింది అంటే అసలు రాదని కాదు. కొలతలో వేస్తే ఈ మందు మంచిదే. కొలత దాటితే మాత్రం నీళ్లలా బయటికి పోదు, ఒంట్లో పేరుకుంటుంది. బాబుని ఇక్కడే ఉంచండి. ఆ సీసాలు మూడూ నాకివ్వండి."

అప్పుడు వినబడింది ఉడత గొంతు. అది ఆ గదిలో ఉందన్న సంగతే మాకు తట్టలేదు.

"అయితే నాకు ఎవ్వరూ వెయ్యలేదా?"

అది వాళ్ల నాన్నని చూసింది, నానమ్మని చూసింది, వాళ్లమ్మని చూసింది. వేళ్లతో లెక్కపెడుతున్నట్టు వరసగా చూసింది.

"నేను ఉప్పు పడని పిండి," అంది. "వాడు మూడుసార్లు పడిన పిండి."

బరువు మిషన్ మీంచి దిగి, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మకి ఆ మాట అర్థం కాలేదు. మాకు అర్థమైంది.

బుడ్డోణ్ని ఆస్పత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించారు, పాలు మార్చారు, రోజూ రక్తం చూశారు. మొదట కాల్షియం దిగలేదు. మరదలు ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. తర్వాత కొంచెం కొంచెంగా దిగింది. ఒక పొద్దున వాడు నా ముక్కు పట్టుకుని పీకాడు, ఆ నొప్పికి నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కిడ్నీలు నిలదొక్కుకున్నాయి అన్నారు. ఇంటికి పంపారు, మళ్లీ తను చెప్పేదాకా ఏ చుక్కా వెయ్యనని డాక్టరమ్మ ముగ్గురి చేతా విడివిడిగా అనిపించింది.

వాడు దక్కాడు. చేజారింది ఇంకొకటి.

డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చిన సాయంత్రమే, ఆస్పత్రి వరండాలో మరదలు ఇన్సులిన్ పెన్ను తీసి ఉడతని దగ్గరికి పిలిచింది. ఉడత నా వెనక్కి జరిగింది. "అత్త వేస్తుంది," అంది. కోపంగా అనలేదు, గొడవ చెయ్యలేదు, మామూలుగా అంది. నేను అంతవరకూ ఎప్పుడూ వెయ్యలేదు. ఓవెన్లోంచి కాలే ట్రేలు లాగే చేతులు నావి, ఆ సన్నటి సూది మూత తియ్యడానికే చాలాసేపు పట్టింది.

"మూడు దాకా లెక్కపెట్టు అత్తా," అంది. "నిజంగా మూడు దాకా."

నేను మూడు దాకా లెక్కపెట్టి గుచ్చాను. అది ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక కూడా అంతే. వాళ్లమ్మ వెయ్యకూడదు, నాన్న వెయ్యకూడదు, నానమ్మ సంగతి సరేసరి. మిగతావన్నీ మామూలే. వాళ్లమ్మ చేత జడ వేయించుకునేది, వాళ్లమ్మ పక్కలో పడుకునేది. ఆ వేళకి మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడేది. తను పాలు తాగే చిన్న గ్లాసు ఒకటి తెచ్చి అలమరలో పెట్టుకుంది. నేను ఇంజెక్షన్ వెయ్యగానే తనే పోయి దాన్ని బోర్లించేది. ఎందుకే అంటే, "నాకు రెండుసార్లు పడితే చచ్చిపోతాను కదా" అంది. ఏడేళ్ల పిల్ల, బన్ను కావాలన్నంత తేలిగ్గా అంది. నిజమే, ఆ మందు రెండుసార్లు పడితే షుగరు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. అది ఆస్పత్రిలో నేర్చుకుంది. మిగతాది మా దగ్గర నేర్చుకుంది.

ఆ వేళకి మరదలు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. లోపలికి వచ్చేది కాదు. నేను గుచ్చడం చూసి, ఉడత గ్లాసు బోర్లించడం చూసి, మళ్లీ తొట్టి దగ్గరికి పోయేది. ఉడతని గట్టిగా కోప్పడదామని ఒకసారి నోటిదాకా వచ్చింది. మింగేశాను. కోప్పడితే భయపడి వాళ్లమ్మ చేత వేయించుకునేది. అలా వేయించుకుని ఎవరికి లాభం?

అలా ఒక నెల గడిచి ఉంటుంది. ఒక సాయంత్రం నేను ఓవెన్ వెలిగించి వచ్చేసరికి మరదలు తొట్టి ముందు ఉప్పు గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. గ్లాసు ఖాళీ. అరుగు మీద బోర్లించలేదు, ఉప్పు డబ్బాలో ముంచనూ లేదు.

"వేశానో లేదో గుర్తు రావట్లేదు వదినా," అంది.

నేను పిండి చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నాను. "పడింది," అన్నాను. మరదలి చేతిలోంచి గ్లాసు తీసుకుని బోర్లించాను. ఆ చప్పుడుకే ఆ పిల్ల ఏడుపు అందుకుంది. కౌగిలింతలూ ఓదార్పులూ నాకు చేతకావు. నాకు చేతనయింది మాట్లాడటమే.

"చూడు," అన్నాను. "పిండిలో ఉప్పు పడిందో లేదో నోట్లో వేసుకుంటే తెలిసింది. ఉడతకి ఆ చుక్కలు పడుంటే ఏమయ్యేదో నువ్వు ఎన్నేళ్లు ఏడ్చినా తెలీదు. అది వదిలెయ్. నువ్వు ఆ రోజు ఆ మాట నాకు చెప్పావు, డాక్టరమ్మకి చెప్పావు, నా తమ్ముడికి చెప్పావు. దానికి చెప్పావా?"

"అది అక్కడే ఉంది కదా."

"ఉంది. మూల కూర్చుని విన్నది. తన గురించి నలుగురూ మాట్లాడుకుంటుంటే విన్నది. నువ్వు దాని ముఖం చూసి చెప్పలేదు."

మరదలు నన్ను అలాగే చూసింది. తర్వాత పిండి చేతులతోనే వంటింట్లోకి పోయింది. నేను వెనకే వెళ్లాను. వెళ్లకూడదేమో, కానీ ఇంజెక్షన్ వేళయింది, పెన్ను నా దగ్గరుంది.

ఉడత బల్ల మీద కూర్చుని కాళ్లూపుతోంది. వేలు గుచ్చుకుని షుగరు చూసుకోవడం అప్పటికే అయిపోయింది. మరదలు దాని ముందు నేల మీద కూర్చుంది.

"నీకు చుక్కలు ఆపేసింది నేను," అంది. "వేస్తున్నానని అందరికీ అబద్ధం చెప్పాను. నీకు ఈ జబ్బు దానివల్లే వచ్చిందో, ఎలాగూ వచ్చేదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదట. కానీ నీకు వెయ్యాల్సింది నేను, వెయ్యలేదు. నన్ను క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదే తల్లీ."

ఉడత కాళ్లూపడం ఆపింది.

"నేను అంత కక్కేదాన్నా?"

"బాగా. మీ అత్త మీద కూడా."

"అత్త తిట్టిందా?"

"తిట్టింది. నిన్ను కాదు, నన్ను."

దాని మూతి కొంచెం వంకర పోయింది, నవ్వు ఆపుకుంటున్నట్టు. "చేతులు కడుక్కో," అంది వాళ్లమ్మతో. "పిండి ఉంది."

మరదలికి ఆ మాట అర్థమయ్యేసరికి కాస్త సేపు పట్టింది. లేచి, గోళ్లలో పిండి కూడా పోయేదాకా కడుక్కుంది. నేను పెన్ను మరదలి చేతిలో పెట్టి గోడ పక్కకి తప్పుకున్నాను. ఉడత చొక్కా పైకెత్తి పట్టుకుంది. మరదలు రెండు వేళ్లతో చర్మం పట్టింది.

"ఒకటి," అంది. "రెండు. మూడు." గుచ్చలేకపోయింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అలా కాదమ్మా," అంది ఉడత. "ఎప్పుడూ వేసేలా వెయ్యి."

మరదలు మళ్లీ చర్మం పట్టుకుంది.

"ఒకటి, రెండు."

"మోసం," అంది ఉడత.

ఆ మాటతో మరదలు దాని ఒళ్లో తల పెట్టుకుని భోరుమంది. ఉడత వాళ్లమ్మ జుట్టు మీద చెయ్యి వేసి నిమిరింది. నిమురుతూనే అలమర వైపు చూసింది.

"ఏడుస్తూ మరిచిపోతావు," అంది. "ముందు లేచి గ్లాసు బోర్లించు."

మరదలు లేచి బోర్లించింది.